లేబుళ్ల బొమ్మను ఎవరు తీసేస్తున్నారు

రక్తపరీక్షల ల్యాబులో ఆవిడను అందరూ సూదమ్మ అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది గాని, ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు. ఇరవై ఆరేళ్లుగా పొద్దున ఆరున్నరకల్లా వచ్చి, తెల్లకోటు తొడుక్కుని, వరసగా ముందుకొచ్చే చేతుల్లోంచి రక్తం తీయడం ఆవిడ పని. గుచ్చినట్టే తెలియదని పేరు. ఇంకోచోట మూడుసార్లు పొడిపించుకుని, చెయ్యి కమిలిపోయి, ఏడుపు మొహంతో వచ్చినవాళ్లనైనా కూర్చోబెట్టి, మోచేతి మడత దగ్గర బొటనవేలితో ఒకసారి తడిమి, "ఇదుగో, ఇక్కడ దాక్కుంది దొంగ" అని ఒక్క పోటుతో తీసేసేది. ఆవిడ సెలవులో ఉందంటే పరీక్షను మర్నాటికి వాయిదా వేసుకునేవాళ్లను నేను చూశాను.

చెయ్యి అంత మంచిదే గాని, మనిషికి అనుమానం జాస్తి. కూరల దుకాణంలో త్రాసు ముల్లు వైపు చూడదు, దుకాణదారు చిటికెనవేలి వైపు చూస్తుంది. ఫోనులో ఎవరైనా మరీ మర్యాదగా మాట్లాడితే మోసగాడే అనుకుని పెట్టేస్తుంది. పరగడుపున వచ్చామని చెప్పే వాళ్లను కూడా ఊరికే నమ్మదు. "ఏదీ, నోరు తెరువు" అంటుంది.

నేను ఆ ల్యాబు కంప్యూటర్లు చూసేదాన్ని. అలాంటి చిన్న చోట్లు నా చేతిలో పదకొండు ఉన్నాయి. ఒక ప్రింటింగ్ ప్రెస్సు, రెండు క్లినిక్కులు, డ్రైవింగ్ నేర్పే స్కూలు, ఇలా. అక్కడి ముసలి కంప్యూటర్లను ఇంకో రెండేళ్లు బతికించడమే నా వృత్తి. ల్యాబు ముందుగదిలో ఉన్నది నత్తలా నడుస్తోందని కిందటేడు దానికి లినక్స్ అనే తేలికపాటి సిస్టం ఎక్కించాను. ఏది ఎక్కడుందో వెతుక్కునే పని లేకుండా తెర అడుగున ఒక డాక్ పెట్టాను. డాక్ అంటే మరేం లేదు, అడుగంచున వరసగా నిలబడ్డ ఐదు బొమ్మలు. ఏ బొమ్మను నొక్కితే ఆ ప్రోగ్రాము తెరుచుకుంటుంది. తెరిచి ఉన్నదాని కింద చిన్న చుక్క వెలుగుతుంది. మొదటిది పేర్ల నమోదు, రెండోది లేబుళ్లు, మూడోది రిపోర్టులు. మిగతా రెండూ ఎవరికీ పెద్దగా పట్టవు. సూదమ్మకు కావలసింది రెండోది. దాన్ని నొక్కి నంబరు కొడితే పక్కనున్న బుల్లి ప్రింటరు గీతల లేబులు ఒకటి బయటికి తోస్తుంది. అది రక్తం గొట్టానికి అంటిస్తేనే ఆ రక్తం ఎవరిదో లోపలి మెషిన్లకు తెలుస్తుంది.

పెట్టిన రోజునే సూదమ్మ తెర ముందు తల వాల్చి చూసింది. మౌసు బాణం దగ్గరికి రాగానే బొమ్మలు కాస్త ఉబ్బుతాయి. అది ఆవిడకు నచ్చలేదు.

"నేను దగ్గరికెళ్తే ఉబ్బుతున్నాయేంటి? మనల్ని చూస్తున్నాయా?"

"లేదక్కా. ఏది నొక్కబోతున్నారో తెలియడానికి."

"నేనేం నొక్కబోతున్నానో దానికెందుకు తెలియాలి?" అంది.

నాలుగు నెలలు ఏ గొడవా లేకుండా గడిచాయి. తర్వాత ఒక మంగళవారం పొద్దున ఫోను. లేబుళ్ల బొమ్మ లేదట. వెళ్లి చూస్తే నిజమే, డాక్‌లో నాలుగే ఉన్నాయి. ప్రోగ్రాము ఎక్కడికీ పోలేదు, మెనూలో భద్రంగా ఉంది. బొమ్మను మళ్లీ తెచ్చి వరసలో పెట్టాను. శుక్రవారం మళ్లీ పోయింది. ఆ తర్వాత వారం పోలేదు గాని, వరస మారిపోయి లేబుళ్ల చోట రిపోర్టులు నిలబడ్డాయి. ముందు నా డాక్ ప్రోగ్రామునే అనుమానించాను. కొత్త వెర్షను వేశాను. తర్వాత మౌసును అనుమానించి, అదీ మార్చాను. లాభం లేకపోయింది.

సూదమ్మ మాత్రం దోషిని ఎప్పుడో తేల్చేసింది. బొమ్మ మాయమవడం మొదలైన నెలలోనే ల్యాబులో కొత్త మనిషి చేరాడు. నలభై ఏళ్లుంటాయి. ఇంకో ల్యాబులో చాలాకాలం పని చేసి వచ్చాడు. అందరూ కొత్తాయన అనేవాళ్లు. అడిగినదానికే జవాబు, అంతకుమించి మాట ఉండదు. పది గంటలకు వస్తాడు, సాయంత్రం తలుపులు వేసి వెళ్తాడు. సూదమ్మ రెండున్నరకే వెళ్లిపోతుంది గనక, ఆ తర్వాత కంప్యూటరు మొత్తం ఆయన చేతిలోనే.

"చూడు," అని నాతో గొంతు తగ్గించి అంది. "పాపం అన్నట్టు మొహం పెడతాడు. ముసలాళ్లొచ్చినా, పసిపిల్లలొచ్చినా, 'మీరు కాస్త కూర్చోండక్కా, నేను చూస్తా' అంటాడు. నేను కూర్చోవాలా? ఇరవై ఆరేళ్లలో నన్ను కూర్చోమన్నవాడు లేడు. నా కుర్చీకి ఎసరు పెడుతున్నాడు. నాకు పని చేతకావట్లేదని డాక్టరు మేడమ్‌కి అనిపించాలి, అంతే."

"బొమ్మ తీసేస్తే ఆయనకేం వస్తుందక్కా?"

"నేను తడబడతాను కదా. క్యూలో వాళ్లు గోల పెడతారు కదా."

ఆవిడ నిఘా పెట్టింది. వెళ్లేముందు మౌసు చుట్టూ బల్ల మీద పెన్సిలుతో గీత గీసేది. పొద్దున మౌసు గీత దాటి ఉంటే క్యాలెండరు వెనక తారీఖు వేసుకునేది. మౌసు రోజూ గీత దాటే ఉండేది. ఊడ్చేవాళ్లు బల్ల తుడవరా మరి. అయినా తారీఖులు పేరుకుపోయాయి.

ఆవిడ అనుమానాలు అక్కడితో ఆగలేదు. కొత్తగా వచ్చిన సూదులు బాగాలేవంది. మొన వంకరట, అందుకే ఒకరిద్దరికి రెండుసార్లు పొడవాల్సి వచ్చిందట. కుర్చీ కాలు ఎవరో వదులు చేశారంది. పెన్నులు నాసిరకం తెస్తున్నారంది. నేనూ తలూపాను. నిజంగా ఆవిడ చెప్పింది చెప్పినట్టు నమ్మాను.

ఒకరోజు పొద్దున ముందుగది కిటకిటలాడుతోంది. అందరూ పరగడుపున వచ్చినవాళ్లే, అందరికీ తొందరే. మొదటి గంట బాగానే గడిచింది. తర్వాత సూదమ్మ అలవాటు కొద్దీ బొమ్మ నొక్కి, రబ్బరు పట్టీ కట్టడానికి పేషెంటు వైపు తిరిగింది. మళ్లీ తెర వైపు చూస్తే ప్రోగ్రాము తెరుచుకోలేదు. కింద చూస్తే బొమ్మ లేదు. క్యూ ఆపే వీలు లేక లేబుళ్లు చేత్తో రాసింది. కాసేపటికి లోపలి మెషిన్ల గదిలోంచి ఒకాయన రెండు గొట్టాలు పట్టుకొచ్చాడు.

"అమ్మా, ఇది ఏడా, ఒకటా? ఏం రాశారో అర్థం కావట్లేదు."

"పెన్ను సరిగా లేదు," అంది సూదమ్మ. చెవులు ఎర్రబడ్డాయట. రెండు గొట్టాలూ పారేసి, ఆ ఇద్దరినీ మళ్లీ కూర్చోబెట్టి రక్తం తీయాల్సి వచ్చింది.

పది గంటలకు కొత్తాయన లోపలికి అడుగు పెట్టాడు. సూదమ్మ ఒంటికాలి మీద లేచింది. అంతవరకు ఆయన్ను మీరు అనేది, ఆవేళ నువ్వులోకి దిగింది.

"నా పని ఎందుకు చెడగొడుతున్నావ్? నేనేం చేశాను నీకు?"

కొత్తాయన చేతిలో సంచీ ఇంకా కింద పెట్టలేదు. "నేనేం చేశానక్కా?"

"లేబుళ్ల బొమ్మ ఎవరు తీశారు?"

"నేను ముట్టుకోలేదు."

"ముట్టుకోకుండానే రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

ఇరవై మంది చూస్తున్నారు. ఆయన ఏదో అనబోయి, ఆవిడ చేతుల వైపు ఒకసారి చూసి, నోరు మూసుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ మౌనాన్ని సూదమ్మ తప్పు ఒప్పుకోవడం కింద జమ కట్టింది. ల్యాబు నడిపే డాక్టరమ్మ నాకు కబురు పెట్టారు. ఈరోజు ఇది తేల్చి వెళ్లమన్నారు.

నేను వెళ్లేసరికి ఒంటిగంట దాటింది, ముందుగది ఖాళీగా ఉంది. ఈసారి బొమ్మను తిరిగి పెట్టడానికి తొందరపడలేదు. డాక్‌లో ఒక్కో బొమ్మకు ఒక్కో చిన్న ఫైలు ఉంటుంది. అన్నీ ఒకే ఫోల్డరులో ఉంటాయి. బొమ్మను డాక్‌లోంచి తీసేస్తే దాని ఫైలు చెరిగిపోతుంది, ఆ ఫోల్డరుకు చివరిసారి మార్పు ఎప్పుడు జరిగిందో తారీఖు, టైము పడతాయి. ఇన్ని వారాలుగా అక్కడ చూడాలని నాకు తట్టలేదు. చూశాను. ఆరోజు పొద్దున ఏడు గంటల నలభై రెండు నిమిషాలు.

"అక్కా, కొత్తాయన ఎన్నింటికి వస్తారు?"

"పదింటికి."

"బొమ్మ పోయింది ఏడూ నలభై రెండుకి."

ఆవిడ తెర మీద అంకెల వైపు చాలాసేపు చూసింది. "గడియారం మార్చుండొచ్చు."

"మార్చలేదు. ఆ టైముకి ఇక్కడ ఎవరున్నారు?"

"నేనూ, క్యూలో వాళ్లూ." వెంటనే అంది, "క్యూలో ఎవరో అయ్యుంటారు. నేనటు తిరిగినప్పుడు."

నాకు అప్పటికీ ఏమీ తోచలేదు. బొమ్మను మళ్లీ డాక్‌లో పెట్టి, "మీరు రోజూ లేబులు ఎలా తీస్తారో ఒకసారి తీయండక్కా, నేను పక్కన నిలబడి చూస్తా" అన్నాను.

ఆవిడ కూర్చుంది. మౌసు పట్టుకుంది. బాణం రెండో బొమ్మ మీదికి వెళ్లింది. అక్కడ నిలబడలేదు, అటూ ఇటూ సన్నగా కదులుతోంది. వేలు నొక్కింది. నొక్కిన వేలు లేవకముందే చెయ్యి పైకి గుంజినట్టయింది. బొమ్మ బాణాన్ని అంటుకుని వరసలోంచి బయటికి వచ్చింది. వేలు లేచింది. బొమ్మ చిన్న పొగలా విచ్చుకుని మాయమైపోయింది.

డాక్‌లో బొమ్మను తీసేసే పద్ధతే అది. నొక్కి పట్టుకుని బయటికి లాగి వదిలితే పోతుంది. వరస మార్చే పద్ధతీ అదే, పక్కకి లాగితే సరి. ఆవిడ చెయ్యి మౌసు మీదే ఉంది. నేను ఇన్నాళ్లూ తెరనే చూశాను, ఆ చేతిని చూడలేదు.

"ఇంకోసారి పెట్టు," అంది.

పెట్టాను. ఈసారి బాగా బిగబట్టి నొక్కింది. బిగబట్టేకొద్దీ వణుకు ఎక్కువైంది. బొమ్మ మళ్లీ పొగైపోయింది.

"నీరసం. పొద్దున్నుంచీ ఏం తినలేదు," అంది. కాసేపటికి ఆవిడే, "దీనికేమైనా మార్గముందా?" అని అడిగింది.

ఉంది. డాక్ సెట్టింగుల్లో బొమ్మలకు తాళం వేసే వీలుంది. ఒక గడిలో టిక్కు పెడితే చాలు, ఎంత లాగినా బొమ్మ చోటు వదలదు. నేను ఆ టిక్కు పెట్టాను. నా పని అదే కదా అనుకున్నాను.

"ఎవరికీ చెప్పకు," అంది సూదమ్మ.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి సాఫ్ట్‌వేరులో చిన్న లోపం, సరిచేశానని చెప్పి ఇంటికి వచ్చేశాను. ఆ అబద్ధం ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంటుంది. పోయేది బొమ్మ ఒక్కటే అయితే ఫర్వాలేదు, ఆ చేతిలో సూది కూడా ఉంది కదా. అది తెలిసే వచ్చేశాను.

తర్వాతి తొమ్మిది రోజుల సంగతి ఆవిడే నాకు చెప్పింది. బొమ్మ కదల్లేదు, కానీ మనసు కుదుటపడలేదు. అప్పటిదాకా అందరి చేతులూ చూసిన మనిషి, ఇప్పుడు అందరూ తన చెయ్యే చూస్తున్నారని అనుమానపడింది. ఎవరైనా దగ్గితే వేళాకోళంలా వినిపించింది. కొత్తాయన పలకరించడం మానేశాడు, ఆవిడా క్షమించమని అడగలేదు. ఆయన మీద వేసిన నింద గాలిలో అలాగే వేలాడుతోంది.

ఇంట్లోనూ అంతే. ఆవిడ భర్త దర్జీ. ముందుగదిలోనే కుట్టుమిషను. పొద్దున్నే టీ ఆయనే పెడతాడు. ఒకరోజు గ్లాసు అందుకుంటూ ఆవిడ ఆగింది.

"ఏమండీ, గ్లాసు సగమే పోస్తున్నారెందుకు?"

"టీ తగ్గించమన్నాడు కదా డాక్టరు."

"ఎవర్ని?"

"నన్నే."

"నా గ్లాసులో తగ్గిస్తే మీకు తగ్గుతుందా?"

ఆయన మిషను చక్రం తిప్పుతూ తల వంచుకున్నాడు. కుట్టడానికి దాని కింద గుడ్డ ఏమీ లేదు. ఒలక్కుండా ఉండాలని ఎన్ని నెలలుగా సగం పోస్తున్నాడో ఆవిడ గుర్తు తెచ్చుకోబోయింది, గుర్తు రాలేదు. కోపమొచ్చింది. దాచినందుకు ఆయన మీదా, కనిపెట్టలేకపోయినందుకు తన మీదా.

పదో రోజు బస్సు కండక్టరుగా చేసే ఒకావిడ వచ్చింది. ఆరు నెలలకోసారి వస్తుంది, సూదమ్మ దగ్గరే తీయించుకుంటుంది. మొదటి పోటు తప్పింది. రెండోదీ తప్పింది.

"పర్లేదమ్మా, ఇంకోసారి చూడండి," అంది కండక్టరు.

సూదమ్మ ఎవరినీ మూడోసారి పొడిచి ఎరగదు. సూది పట్టుకుని ఆ చర్మం మీదికి వంగింది. సూది మొన అక్కడే గీతలు గీస్తున్నట్టు ఆడుతోంది. అది వంకర మొన కాదని ఆవిడకు తెలిసిపోయింది. సూదిని వాడేసిన సూదుల డబ్బాలో వేసి, లోపలికి చూసి పిలిచింది.

"ఇలా వచ్చి ఈవిడకి నువ్వు తియ్యి."

కొత్తాయన వచ్చి తీశాడు. కండక్టరు వెళ్లాక చేతులు కడుక్కునే తొట్టి దగ్గర సూదమ్మ ఆయన్ను నిలబెట్టింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"వచ్చిన రెండో రోజు నుంచి."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"అక్కా, ఆ చెయ్యి మీది. చెప్పాల్సింది మీరు కదా. వీలైనంతమందిని నా వైపు లాక్కున్నాను, అంతే."

"మేడమ్‌కి చెప్తే నా కుర్చీ నీదయ్యేది కదా?"

"మీరు అలా అనుకుంటారనే చెప్పలేదు."

ఆవిడకు ఇంకా అనుమానం తీరలేదు. "అంతా మంచితనమేనా? ఇంకేం లేదా?"

కొత్తాయన మొదటిసారి నవ్వాడు. "కొంచెం భయం కూడా ఉందక్కా. మీరంటే."

చేతులు తుడుచుకుని సూదమ్మ తిన్నగా డాక్టరమ్మ గదిలోకి వెళ్లి అంతా చెప్పింది. నేను ఆడిన అబద్ధంతో సహా. డాక్టరమ్మ నాకు ఫోను చేసి రెండే మాటలన్నారు, రెండూ నాకు దక్కాల్సినవే. తర్వాత సూదమ్మ చేతికి కాగితమిచ్చి, మధ్యలోంచి మొదలుపెట్టి నత్తగుల్లలా చుట్టలు గీయమన్నారు. గీత పొడవునా రంపం పళ్లు వచ్చాయి. ఆరోజు నుంచే సూది పట్టవద్దన్నారు. నరాల డాక్టరుకు ఉత్తరం రాశారు. థైరాయిడ్ వల్ల కూడా వణుకు రావొచ్చు, వెళ్లేలోపు అదీ చూడాలి, రేపు పరగడుపున రక్తం ఇవ్వమన్నారు.

మర్నాడు సూదమ్మ తెల్లకోటు లేకుండా, క్యూలో తన వంతు వచ్చేదాకా నిలబడి, పేషెంట్ల కుర్చీలో కూర్చుంది. ఇరవై ఆరేళ్లలో అటువైపు కూర్చోవడం అదే మొదలు. కొత్తాయన ఆవేళ ఆరున్నరకే వచ్చాడు. ప్రింటరు తీగ మార్చడానికని నేనూ ఆ పూట అక్కడే ఉన్నాను. డాక్టరమ్మకు మొహం చూపించి, తలొంచుకుని బల్ల కింద దూరాను. సూదమ్మ క్యూ వైపు తిరిగి పెద్దగా అంది.

"మొన్న ఈయన్ని ఇక్కడే అందరి ముందూ అన్నాను. మీలో కొందరు ఉండే ఉంటారు. ఆ బొమ్మ ఈయన తీయలేదు. నా చెయ్యి వణికి, నేనే తీసేశాను. తప్పు నాది."

ఆ మాట క్యూలో ఎవరికి అర్థమైందో, ఎవరికి కాలేదో. కొత్తాయన మాత్రం చేతి తొడుగులు వేసుకుంటూ ఆగిపోయాడు. తర్వాత రబ్బరు పట్టీ కట్టాడు. సూది కవరు చింపాడు. సూదమ్మ మొహం పాలిపోయింది.

"సూది కొత్తదేనా?"

"మీ ఎదురుగానే చింపాను కదక్కా."

"సరే, తొందరగా కానియ్యి." మొహం గోడ వైపు తిప్పేసి, కళ్లు గట్టిగా మూసుకుంది. ఆవిడకు సూదంటే భయమని ఆ ల్యాబులో ఎవరికీ తెలియదు. బహుశా ఆవిడకూ తెలియదు.

థైరాయిడ్ బాగానే ఉంది. నరాల డాక్టరు చేతులు చాపించి, నడిపించి, నీళ్ల గ్లాసు పట్టించి చూశాడు. ప్రాణం మీదికి వచ్చేది కాదన్నాడు. పని చేసేటప్పుడే వచ్చే వణుకట, చాలా ఇళ్లలో తరతరాలుగా వస్తుందట. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగాడు. లేదంది. బయటికి వచ్చాక మెట్ల దగ్గర ఆగి, దూరంగా ఉండే అన్నకు ఫోను చేసింది. వాళ్ల నాన్న వాచీలు బాగుచేసేవాడు. యాభై దాటకముందే కొట్టు మూసేశాడు, కళ్లు ఆనడం లేదని. కానీ పోయేదాకా పేపరు అద్దాలు లేకుండానే చదివాడు.

"అన్నయ్యా, నాన్నకి నిజంగా కళ్లేనా?"

"చేతులు," అన్నాడు అన్న. "నీకు చెప్పొద్దన్నాడు. నువ్వప్పుడే సూది పని నేర్చుకుంటున్నావ్."

మాత్రలతో వణుకు సగం తగ్గింది. సగం అలాగే ఉంది. సూది మాత్రం ఆవిడ మళ్లీ పట్టలేదు. ఇప్పుడు ముందుగదిలో పేర్లు రాసుకోవడం, లేబుళ్లు తీయడం ఆవిడ పని. నరం దొరకని చెయ్యి వస్తే కొత్తాయన పిలుస్తాడు. ఆవిడ బొటనవేలితో తడిమి చోటు చూపిస్తుంది, ఆయన గుచ్చుతాడు. డాక్‌లో బొమ్మలు బాగా పెద్దవి చేయమంది, చేశాను. ఎందుకింత పెద్దవని ఎవరైనా అడిగితే, నా చెయ్యి వణుకుతుంది అని చెప్పేస్తుంది.

నాన్న సంగతి ఆవిడ నాకు చెప్పింది కూడా అక్కడే. ప్రింటరు మళ్లీ మొరాయిస్తే, బల్ల కింద దూరి తీగ సరిచేస్తున్నాను. పైనుంచి ఆవిడ గొంతు వినిపిస్తూ ఉంది, మధ్యలో ఆగింది. తల పైకెత్తబోయి బల్లకు కొట్టుకున్నాను.

"మెల్లగా," అంది సూదమ్మ. తర్వాత, "క్యూ పెరిగిపోతోంది. తీగ పెట్టావా లేదా?" అని అడిగింది.